వైజాగ్‌లో వేసవి ప్రకృతి శిబిరం: బాబుని చేర్చి, నేనూ వాలంటీరుగా చేరాక

ఈ వేసవిలో మా బాబుని ఒక ప్రకృతి శిబిరంలో చేర్చాను. వాడు ఏడో తరగతిలోకి వచ్చాడు. ఫీజు 1,500 రూపాయలు. ఆ డబ్బుకి న్యాయం జరిగిందా అంటే, జరిగింది. అయితే అదే శిబిరంలో నేను వాలంటీరుగా కూడా పనిచేశాను, నాకు ఆ పని ఇంకా ఎక్కువ నచ్చింది. పిల్లల్ని గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయే అమ్మానాన్నలు దీనిలో సగం పోగొట్టుకుంటున్నారు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నడిపేది పెద్ద సంస్థేమీ కాదు. జువాలజీ, బాటనీ చదివిన కొందరు కుర్రాళ్ళు, వాళ్ళకి తోడు ఇద్దరు రిటైరైన లెక్చరర్లు. ఆఫీసు లేదు, బోర్డు లేదు, వాట్సాప్ గ్రూపే అన్నీ. వాళ్ళ పేరు ఇక్కడ పెట్టడం లేదు. బాగాలేనివి కూడా రాస్తున్నాను కాబట్టి, అవి వాళ్ళకి ముఖాముఖిగా చెప్పడమే పద్ధతి అనిపించి అలాగే చెప్పాను. ఊళ్ళో ఇలాంటి బృందాలు ఇంకా ఉన్నాయి, జూలో కూడా వేసవిలో పిల్లలకి శిబిరాలు పెడుతుంటారు. మీరు ఎక్కడ చేర్చినా అడగాల్సినవి, చూసుకోవాల్సినవి దాదాపు ఒకటే.

నాది ఆరిలోవలో టైలరింగ్ షాపు. మే నెలంటే పెళ్ళి జాకెట్లు, లైనింగులు, ఫాల్సు పనితో మిషను ఆగదు. ఆ సీజన్లో పొద్దున్న మూడు గంటలు వదులుకోవడం నాకు తేలిక కాదు. శిబిరం టైము పొద్దున్న 6 నుంచి 9 వరకే కాబట్టి సరిపోయింది. తొమ్మిదిన్నరకల్లా షాపు తెరిచేసేదాన్ని.

మా మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఎదురుగా కనిపించేది కంబాలకొండ అడవే. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉండేదట, తర్వాత అటవీశాఖ కిందికి వచ్చింది, 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఇంత పెద్ద ఊరిని ఆనుకుని చిరుతపులి తిరిగే అడవి ఉండడం మామూలు విషయం కాదు. అయినా మా వీధిలో పిల్లల్ని అడిగితే, అక్కడ బోటింగ్ ఉంటుందని మాత్రమే చెబుతారు. మా వాడూ అంతే.

శిబిరంలో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. మొదటిరోజే ప్రతి పిల్లకీ నాలుగు పుల్లలు, కాస్త పురికొస ఇచ్చి, బాట పక్కన గజం పొడవు, గజం వెడల్పు నేల చూసుకుని చుట్టూ కట్టుకోమన్నారు. కొలవడానికి నా టేపు ఇచ్చాను. అక్కణ్ణుంచి కంబాలకొండ వెళ్ళినప్పుడల్లా ముందు పావుగంట ఎవరి గజం దగ్గర వాళ్ళు కూర్చోవాలి. మాట్లాడకూడదు, తవ్వకూడదు. చూసింది నోట్‌బుక్కులో బొమ్మ వెయ్యాలి. మొదటిసారి మా వాడు వచ్చి, "అమ్మా, నాదాంట్లో ఏమీ లేదు, ఎండుటాకులే ఉన్నాయి" అన్నాడు. లెక్చరరుగారు వాణ్ణి మార్చుకోనివ్వలేదు. "రేపు కూడా అదే చూడు నాన్నా" అన్నారంతే.

తర్వాత అదే గజంలో చెదపురుగులు ఎండుపుల్ల మీదుగా మట్టితో సొరంగం కట్టుకుంటూ పోవడం వాడే చూశాడు. పొడి ఇసుకలో గరాటు ఆకారంలో చిన్నచిన్న గుంతలు కనిపించాయి. వాటి అడుగున ఒక పురుగు దాక్కుని ఉంటుంది. చీమ అంచు మీద కాలు పెడితే ఇసుక జారి లోపలికి పడుతుంది, పురుగు పట్టేసుకుంటుంది. చీమ పైకి ఎక్కబోతే కింద నుంచి ఇసుక చిమ్మి మళ్ళీ జారేలా చేస్తుంది. పెద్దదయ్యాక అదే పురుగుకి తూనీగ లాంటి రెక్కలు వస్తాయని చెబితే వాడు నమ్మలేదు. ఇంటికొచ్చాక ఫోన్లో వెతికి చూసుకుని నాకు చూపించాడు. ఒక పిల్ల గజంలోకి తొండ వచ్చి కూర్చునేది, దాని తల ఎర్రగా ఉండేది. వేసవిలో జత కట్టే రోజుల్లో మగ తొండకి అలా రంగొస్తుందట. ఒక్కో పూట ఒక్కో కొత్త జంతువుని చూపించేసి ఉంటే ఇవేవీ వాళ్ళ కంట పడేవి కావు. ఒకే చోటుకి మళ్ళీమళ్ళీ తీసుకెళ్ళడం ఈ శిబిరం చేసిన అన్నిటికంటే మంచిపని.

నా వృత్తికి దగ్గరైన సంగతి ఒకటి చెప్పాలి. పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో బయోడైవర్సిటీ పార్కు ఉంది, పిల్లల్ని అక్కడికి కూడా తీసుకెళ్ళారు. ఎడారి మొక్కలు, నీటి మొక్కలు, ఔషధ మొక్కలు విడివిడిగా పెంచారు. సీతాకోకచిలుకలు చూడాలంటే ఊళ్ళో నాకు తెలిసి అంతకంటే మంచి చోటు లేదు. అక్కడ ఒక పొద దగ్గర టువ్వీ టువ్వీ అని ఒకటే అరుపు. దర్జీ పిట్ట అన్నారు. గూడు దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు, దూరం నుంచే బైనాక్యులర్స్‌లో వంతులవారీగా చూపించారు. ఆ తర్వాత లెక్చరరుగారు తన డబ్బాలోంచి ఎప్పుడో రాలిపోయిన పాత గూడొకటి తీసి నా చేతిలో పెట్టారు.

నేనది చాలాసేపు తిప్పి చూశాను. వెడల్పాటి ఆకు రెండంచులూ దగ్గరికి లాగి కుట్టింది. మనం వేసినట్టు వరసగా సాగే కుట్టు కాదది. ఏ టాకాకి ఆ టాకా విడి. ముక్కుతో రంధ్రం పొడిచి, అందులోంచి దూదిపోగో సాలెగూటి దారమో దూర్చింది. బయటికొచ్చిన కొస ఉబ్బి గుబురుగా ఉండడంతో వెనక్కి జారిపోదు, అందుకే ముడి అక్కర్లేదు. ఒక టాకా తెగినా పక్కది పట్టుకుని ఉంటుంది. రంధ్రాలు సన్నగా ఉన్నాయి, ఆకు చిరగలేదు. పట్టు జాకెట్టుకి చేత్తో హెమ్మింగు చేసేటప్పుడు బట్ట చిట్లకుండా నేను పడే జాగ్రత్తంతా నాకు ఆ ఆకులో కనిపించింది. పిల్లలకి ఇది నువ్వే చెప్పమ్మా అని ఆయన నన్ను ముందుకి పిలిచారు. నా జీవితంలో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పడం అదే మొదలు.

ఇక వాలంటీరు పని. ఇది సరదాగా ఫొటోలు దిగే పని కాదు. చేరేముందు ఒక పూట శిక్షణ ఇచ్చారు. బ్లడ్ గ్రూపు, ఇంట్లోవాళ్ళ నంబరు రాయించుకున్నారు. అయిదుగురు పిల్లలకి ఒక పెద్దమనిషి. ఏ పెద్దవాళ్ళూ ఒక్క పిల్లతో ఒంటరిగా బాట దాటి వెళ్ళకూడదు. ఈ నిబంధన వాళ్ళంతట వాళ్ళే పెట్టుకోవడం చూసి నాకు గట్టి నమ్మకం కుదిరింది. మీరు ఏ శిబిరంలో చేర్చినా ముందు ఈ ప్రశ్నే అడగండి. జవాబు తడబడితే ఫీజు కట్టకండి.

పాముల గురించి చెప్పింది కూడా చాలా బాగుంది. ఎవరో పామును పట్టి తెచ్చి మెడలో వేసుకునే ప్రదర్శనలు పెట్టలేదు. బొమ్మలు చూపించి నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి ఎలా ఉంటాయో చెప్పారు. కరిస్తే కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, ఆకుపసర్లు పట్టించకూడదు. కరిచిన చోటు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పోవాలి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు ఈ నాలుగు పాముల విషానికీ పనిచేస్తుందట. కొండ పక్కనుండే మాలాంటివాళ్ళకి ఈ అరగంట చాలా అవసరం. మా వీధిలో అందరికీ చెప్పాను.

పెద్దవాళ్ళకి అసలు శ్రమ మొక్కలు పీకడంలో ఉంది. బాట పక్కన గులాబీ, పసుపు రంగు పూలతో గుబురుగా పెరిగే ముళ్ళ పొద మీరంతా చూసే ఉంటారు. తలంబ్రాల చెట్టు అంటాం, లాంటానా అని కూడా అంటారు. అమెరికా ఖండం నుంచి తోటల్లో అందానికని తెచ్చిన మొక్క, ఇప్పుడు మన కొండలన్నీ ఎక్కేసింది. పశువులకి అది విషం కాబట్టి మేకలు కూడా పెద్దగా ముట్టవు. దాని నీడలో గడ్డి రాదు, అడవి మొక్క లేవదు. పండ్లు పిట్టలు తిని గింజల్ని ఎక్కడెక్కడో పడేస్తాయి. అభయారణ్యంలో మనంతట మనం ఆకు కూడా తెంపకూడదు. అనుమతి తీసుకుని, అటవీశాఖ మనిషి పక్కన ఉండగా, చూపించిన చోట మాత్రమే తీశాం.

మాకు పని నేర్పించిన పెద్దాయన మా ఆరిలోవ మనిషే, కూలికి వచ్చాడు. అందరం కత్తులతో పైపైన నరకబోతుంటే ఆపి, "అమ్మా, పైన నరికితే లాభం నేదు. ఒకటి నరికితే నాలుగు లేస్తాయి. కింద బుర్ర తియ్యాల" అన్నాడు. ముందు కర్రతో పొదని గట్టిగా కొట్టాలి, లోపల పామో ఏదో ఉంటే పోతుంది. కొమ్మలు నరికి పక్కకి లాగాలి. తర్వాత మొదలు చుట్టూ గునపంతో మట్టి వదులు చేసి, చేతి వేళ్ళు రెండు మూడు అడ్డంగా పెట్టినంత లోతున, వేరు బుర్రకి (కాండం, వేరు కలిసే ముద్దకి) కిందగా తెగ్గొట్టాలి. తీసిన మొద్దుని అక్కడే పడేస్తే తడి తగిలి మళ్ళీ వేరు పట్టేస్తుంది, అందుకని తలకిందులుగా, వేళ్ళు పైకి ఉండేలా కొమ్మల మీద ఆనించి ఎండబెట్టాలి. ఒక్క పెద్ద పొదకి ఇద్దరు మనుషులకి పొద్దున్నంతా పట్టేది. చేతులకి ఆ ఆకు ఘాటు వాసన ఎంత తోమినా సాయంత్రం దాకా పోదు. పిల్లలకి కత్తి ఇవ్వలేదు, వేరుతో సహా వచ్చేసే చిన్న మొలకలు పీకే పని ఇచ్చారు.

అప్పుడు ఒక ఎనిమిదో తరగతి పిల్ల ఒక ప్రశ్న అడిగింది. "సార్, ఈ పూల మీద సీతాకోకచిలుకలు వాలుతున్నాయి కదా, ఇది పీకేస్తే అవి ఏం తాగుతాయి?" లెక్చరరుగారు కొట్టిపారెయ్యలేదు, అందర్నీ కూర్చోబెట్టారు. రెక్కలొచ్చిన సీతాకోకచిలుక ఏ పువ్వు మీదైనా తేనె తాగుతుంది. గొంగళిపురుగు అలా కాదు, దానికి తన మొక్క ఆకే కావాలి. మన ఇళ్ళలో కరివేపాకు మీద, నిమ్మ మీద పిట్ట రెట్టలా కనిపించే పురుగు కొన్నాళ్ళకి పచ్చగా మారి, ఆ తర్వాత నల్లటి సీతాకోకచిలుక అవుతుంది. జిల్లేడు తినేది వేరు, ఈశ్వరి తీగ తినేది వేరు. తలంబ్రాల పొద ఆ మొక్కల చోటంతా ఆక్రమిస్తే తేనె ఉంటుంది గానీ గుడ్డు పెట్టడానికి ఆకుండదు. ఆ పిల్ల మళ్ళీ అడిగింది, "అయితే పీకిన చోట ఏం నాటుతారు?" అని. పెద్దవాళ్ళం ఎవరికీ తట్టని ప్రశ్న. వానలు పడ్డాక నాటడానికి స్థానిక మొక్కలు సిద్ధం చెయ్యాలని ఆ రోజే అనుకున్నారు.

సముద్రం వైపు కార్యక్రమాల్లో తాబేలు పిల్లల్ని వదలడం అందరూ ఎదురుచూసింది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి దాదాపు వంద గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కుక్కలు తవ్వకుండా అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లు తెచ్చి కంచె లోపల ఇసుకలో పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిని బట్టి ఆడ, మగ తేలుతుందట: వేడి ఎక్కువైతే ఆడవి, చల్లగా ఉంటే మగవి. నా పని తాడు పట్టుకుని జనాన్ని వెనక ఉంచడం. ఫ్లాష్ వెయ్యొద్దని అరిచి అరిచి గొంతు పోయింది. తాబేలు పిల్లలు వెలుతురున్న వైపు నడుస్తాయి. చీకట్లో సముద్రం మీద ఆకాశం కొంచెం తెల్లగా ఉంటుంది, అవి దాన్ని పట్టుకునే నీళ్ళలోకి పోవాలి. మన బీచ్ రోడ్డు లైట్లు వాటిని రోడ్డు వైపు తిప్పేస్తాయి. బీచ్ రోడ్డు పక్కన ఇళ్ళున్నవాళ్ళు, హోటళ్ళవాళ్ళు ఆ మూడు నాలుగు నెలలూ సముద్రం వైపు లైట్లు తగ్గిస్తే ఎంత మేలో. ఆ రోజు మాతో సంబంధం లేని జనం చాలామంది చేరిపోయారు, తాబేలు పిల్లల దారిలో అడుగులు పడ్డాయి. వచ్చే ఏడాది ఈ ఒక్క కార్యక్రమానికి మాత్రం ఎక్కువ మంది వాలంటీర్లు కావాలి.

సాగర్‌నగర్ దగ్గర రాళ్ళ మీద నడక నాకు తాబేళ్ళ కంటే ఎక్కువ నచ్చింది, అక్కడ తోపులాట లేదు. అమావాస్య దగ్గరలో ఆటు బాగా తీసిన పొద్దున్న పెట్టారు. రాళ్ళ గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి, వాటిలో పువ్వులా విచ్చుకుని ముట్టుకుంటే ముడుచుకునే జీవులు, ఖాళీ శంఖాల్లో కాపురం పెట్టిన పీతలు. రాయి ఎత్తి చూస్తే మళ్ళీ ఎలా ఉందో అలాగే పెట్టాలి. శంఖాలు జేబులో వేసుకోకూడదు, అవి ఇంకో పీతకి ఇల్లు. మా వాడు తీసిందాన్ని తనంతట తానే తిరిగి పెట్టేశాడు.

జూకి వెళ్ళిన రోజు, ఎర్రమట్టి దిబ్బలకి వెళ్ళిన రోజు మామూలుగా గడిచాయి. దిబ్బలు చూడాల్సినవే, అవి జాతీయ భూవారసత్వ స్థలం కూడా, కానీ అక్కడ నీడ లేదు. రోహిణి కార్తె ముందు ఎండలో తొమ్మిది దాటి పదిన్నర వరకు ఉంచేశారు. ఒక బాబుకి కళ్ళు తిరిగాయి. ఓఆర్‌ఎస్, నీళ్ళు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేకుండా తేలాం, అయినా అది జరగకూడదు. తొమ్మిదింటికి ఆపేస్తామని చెప్పాక ఆపెయ్యాలి. నేను చెప్పాను, వాళ్ళు ఒప్పుకున్నారు.

మిగతా లోటుపాట్లు కూడా చెబుతాను. కొండ బాటలో ఆడపిల్లలకి బాత్రూమ్ సౌకర్యం లేదు, పెద్ద పిల్లలున్న తల్లులు దీని గురించి ముందే అడిగి తెలుసుకోండి. ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మా ఆరిలోవ నుంచి ఫీజు లేకుండా తీసుకున్న పిల్లల్లో చాలామంది తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళు కాగితం పక్కన పెట్టేశారు. నోటితో చెప్పినప్పుడు మాత్రం వాళ్ళే ముందు జవాబిచ్చారు. రేపటి కార్యక్రమం మారిందని రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే, పొద్దున్నే ఆటో మాట్లాడుకునేవాళ్ళు ఏం చెయ్యాలి? బస్సు పెట్టలేరు, అది నాకు అర్థమవుతుంది. సాయంత్రం ఏడింటిలోపు చెప్పడం వాళ్ళ చేతిలో పనే.

తిండి గురించి ఫిర్యాదు లేదు. అటుకుల ఉప్మా, మజ్జిగ, ఒకరోజు తాటిముంజలు. ప్లాస్టిక్ ప్లేట్లు లేవు, ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి. గిన్నెలు, నోట్‌బుక్కులు పెట్టుకోవడానికి పిల్లలకి నా దగ్గర మిగిలిన కాటన్ ముక్కలతో సంచులు కుట్టి ఇచ్చాను.

ఎవరికి సరిపడదో కూడా చెప్పాలి. పిల్లాడు పులిని చూసి రావాలని ఆశపడేవాళ్ళకి ఇది వద్దు. పొద్దున్న అయిదింటికి లేపలేనివాళ్ళకీ వద్దు. సర్టిఫికెట్ ఇస్తారు, కానీ దానికోసం చేర్చకండి. ఎనిమిదేళ్ళలోపు పిల్లలకి ఆ పావుగంట మౌనం కష్టం, ఇంకా రెండేళ్ళు ఆగండి.

పీకిన చోట నాటడానికి నేరేడు, కానుగ, రేల, ఈశ్వరి తీగ మొలకలు ఇప్పుడు సంచుల్లో పెరుగుతున్నాయి. వానలు పట్టాక ఆదివారాలు నాటడం ఉంటుంది, తలంబ్రాల మొలకలు మళ్ళీ లేస్తాయి కాబట్టి అవీ తియ్యాలి. పిల్లలు లేకపోయినా పెద్దవాళ్ళు రావచ్చు, ఫీజు లేదు. ఫుల్ చేతుల చొక్కా, మూసి ఉండే బూట్లు తప్పనిసరి. చేతి తొడుగులు మీరే కొనుక్కుని రండి, అక్కడ ఇచ్చేవి మగవాళ్ళ సైజు, ఆడవాళ్ళ చేతికి జారిపోతాయి.